ఊఁ అనని ఐదు నిమిషాలు

కాదండీ, ఊఁ అంటే అవునని ఒక్కటే కాదండి. ముందదే చెప్పేస్తున్నాను, లేకపోతే మర్చిపోతాను. అధ్యక్షులు ప్రసాదరావుగారికి, పెద్దలకి, ఇవాళ రిటైరవుతున్న మన నర్సు కనకరత్నం మేడంగారికి నమస్కారాలండి. నేను చిట్టిబాబునండి, ఐదుతో చదువాపేసి చేపల చెరువుల్లో మేత సంచులు కడతాను. నోటితో చెప్పడం రాక సెల్లులో మెసేజుల్లా కొట్టుకొచ్చానండి, నాలుగయ్యాయి. (నవ్వులు)

ఎవరేమడిగినా నాది ఊఁ ఒక్కటే కదండీ. నొప్పన్నా ఊఁ, ఆకలన్నా ఊఁ, ఇంకా చెప్పమన్నా ఊఁ. ఇదెక్కడ పుట్టిందని జాషువా మాస్టారినడిగితే, "పుస్తకాల్లో నాకెక్కడా దొరకలేదురా, నోరు తెరవక్కర్లేని మాట, కథలు వింటా చిన్నపిల్లలే పుట్టించుంటారు" అన్నారు. నాకు మాత్రం దాని విలువ పోయినేడు గట్టు మీద పాము కరిచినప్పుడు తెలిసింది. మేడంగారు కాలికి కట్టు కట్టి, నన్ను మదార్ బాబాయ్ ఆటోలో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్తా, "ఒరే, నే మాట్లాడతా ఉంటాను, నువ్వు ఊఁ అంటా ఉండు, ఆపావంటే చంపేస్తాను" అన్నారండి. తాడేపల్లిగూడెంలో జరిగిన ఆవిడ పెళ్ళిచూపుల కథా, పెళ్ళికొడుకు తిన్న పూతరేకులూ, అన్నిటికీ ఊఁ కొట్టాను. ఉన్నట్టుండి ఆపేశాను.

మేడంగారు చెంపలు వాయించారు, ఏడ్చారు, ప్రార్థన చేశారు. ఐదు నిమిషాలకి గానీ మళ్ళీ ఊఁ అన్లేదు నేను. తను కట్టు సరిగ్గా కట్టకే అలా అయిందని ఆవిడ ఇప్పటికీ బాధపడుతున్నారని, ఆ బాధతోనే ఉద్యోగం దిగుతున్నారని మొన్న వాళ్ళమ్మాయి క్యాథరిన్ అక్క చెప్పింది. అందుకే ఇవాళ మైకట్టుకున్నానండి.

(మేడం వైపు తిరిగి) మేడం, నాకు అన్నీ వినపడతానే ఉన్నాయండి. మీరు ఒక పేరు చెప్పి, "ఆ పిల్లంటే నీకిష్టమంటగదరా" అన్నారు. బాబాయ్ అద్దంలోంచి చూస్తున్నాడు. అక్కడ ఊఁ అంటే అవునన్నట్టే కదాని సిగ్గేసి, కళ్ళు మూసుకున్నానండి. (పెద్ద నవ్వులు) పేరడక్కండి, వాళ్ళ నాన్నగారు మూడో వరసలో ఉన్నారు.

(వెనక నుంచి మదార్: "ఓరి నీ సిగ్గు తగలెయ్య! రైలు గేటు తీయించడానికి గేటోడి కాళ్ళట్టుకున్నాన్రా నేను!")

తప్పే బాబాయ్. అప్పుడే చెబుదామంటే ఊరంతా నేను చచ్చి బతికానంటున్నారు, ఇంకేం చెప్పను? హమ్మయ్య, చెప్పేశాను. ఒళ్ళంతా తేలికైపోయిందండి. మీ కట్టు వల్లే బతికానని డాక్టరుగారు నాతోనే అన్నారు మేడం. మీకూ, ఓపిగ్గా విన్నోళ్ళందరికీ థాంక్సండి, సెలవండి. మరి మేడం, తప్పు మీ చేతులదేనని ఇంకా అంటారాండీ?