గాలి తాగేసిన సోయా చేను

సాంతా ఫే రాష్ట్రం దక్షిణాన ఆ ఊళ్ళో వాన పడిందంటే రెండు ఖాయం. ట్రాక్టర్లు ఆగిపోతాయి, రెమీహియో బొన్ఫాంతి నోరు మొదలవుతుంది. ఆ నవంబరు పొద్దున కూడా అంతే. నేల ఆరేదాకా విత్తనం వెయ్యడానికి లేదని నలుగురూ షెడ్డులో చేరారు. డెల్ఫీనా మాతే ఆకు వేసిన సొరకాయ బుర్రలో వేణ్ణీళ్ళు పోసి, ఒకరు గొట్టంతో పీల్చాక ఇంకొకరికి అందిస్తోంది.

పొలం రెమీహియోదే. పిల్లల్లేరు, భార్య ఎల్విరా పోయింది, మోకాళ్ళు మొరాయించాయి. అందుకని ఎల్విరా చెల్లెలైన ఈ డెల్ఫీనా కొడుకు అదేల్మో సేద్యం చేస్తున్నాడు. నాలుగోవాడు బౌదిలియో, లారీ మీద విత్తనాల బస్తాలు తెచ్చి వానకి చిక్కుకుపోయాడు. ఆ బస్తాల్లో గింజలకి మందులూ పోషకాలూ అన్నీ కంపెనీవాళ్ళే పట్టించి పంపారు. ఇంక ఇంటి దగ్గర ఎవరూ చెయ్యి తడుపుకోనక్కర్లేదు. పొద్దుటి నుంచీ పెద్దాయన్ని కుమ్ముతున్న బాధల్లా అదే.

"ఒరేయ్ అదేల్మో, ఆ గాలిమర పక్కనున్న ముక్క ఒక్కటి నాకొదిలెయ్‌రా. పాత పద్ధతిలో నేనే కలిపి వేస్తాను."

"ముక్క కోసం విత్తే మిషను ఆపి, డబ్బాలు ఖాళీ చేసి, మళ్ళీ నింపాలి పెదనాన్నా. అయ్యే పని కాదు."

"నా చేతి విత్తనం సంగతి నీకు తెలీదు. ఈ చుట్టుపక్కల సోయా అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో, మొట్టమొదట గింజకి నల్లపొడి పట్టించింది నేను! పొడంటే పొడి కాదయ్యా బౌదిలియో, అందులో కంటికి కనపడని ప్రాణులుంటాయి. వేళ్ళకి అంటుకుని, బుడిపెలు కట్టి, గాలిలో ఉన్న సత్తువని లాగి మొక్కకి పెడతాయి. పంచదార పాకం కాచి, చల్లార్చి, సిమెంటు కలిపే మిల్లరులో గింజలు పోసి, పాకం, పొడి వేసి తిప్పాం. ఆ తడిపొడి వాసన ఉంది చూశావూ, తొలకరి వాసన దానిముందు దిగదుడుపే! ఎల్విరా పాడుతూ తిప్పేది. మోచేతుల దాకా నలుపు, ముక్కు మీద కూడా నలుపు. అంత అందంగా మళ్ళీ ఏ మనిషీ నాకు కనపడలేదు."

డెల్ఫీనా తల వంచుకుని బుర్రలో నీళ్ళు పోసింది.

"పంట బాగా వచ్చిందా?" అన్నాడు బౌదిలియో.

"బాగానా! మొక్క పీకి చూస్తే బుడిపెలు బఠాణీలంత. మర్నాడు చూస్తే నిమ్మకాయలంత. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్క చేలో మొక్కజొన్నకి కూడా ఆ మిగిలిన పాకమే కాస్త జింకు కలిపి పట్టించాను. పొద్దున కంకికి టోపీ తగిలించి, మధ్యాహ్నం తీసుకుందామని పోతే నిచ్చెన కావలసి వచ్చింది!"

"నిచ్చెన అందిందా మరి?"

"అందేసరికి అదింకా పెరిగింది. ఆ టోపీలో చిలకలు పిల్లల్ని పెట్టాయి, పోనీలే అని వదిలేశాను. అసలు కథ సోయాది. బుడిపెలు గుమ్మడికాయలంత అయ్యాయి, గాలి లాగడం మొదలెట్టాయి. ముందు మా గాలిమర ఆగింది. తర్వాత ఊళ్ళో గాలిమరలన్నీ ఆగాయి. తీగల మీద బట్టలు ఆరక ఆడాళ్ళు నన్ను ఒకటే తిట్లు. మా చేను పక్కగా పోయిన లారీలకి నాలుగు టైర్లూ చప్పగా దిగిపోయేవి!"

"నా టైర్ల జోలికి రాకండి పెద్దాయనా!"

"ఆ శనివారం డాన్సు పెట్టారా, బాండోనియన్ వాయించేవాడు పెట్టె సాగదీస్తాడు, కిక్కురుమనదే! లోపలికి పోవడానికి గాలుంటేగా. పరానా నది మీద పడవల తెరచాపలు తడిగుడ్డల్లా వేలాడిపోయాయి. రోసారియో నుంచి పెద్దపెద్దవాళ్ళొచ్చి, అయ్యా, నీ చేను కోసెయ్యి, మాకు ఊపిరాడటం లేదని కాళ్ళావేళ్ళా పడ్డారు!"

"మరి మీరెలా ఊపిరి పీల్చారు?"

"నేనా? విత్తిన రోజు పీల్చిన ఊపిరి కోత దాకా బిగబట్టాను."

బౌదిలియో పొట్ట పట్టుకున్నాడు. అదేల్మో కూడా నవ్వాపుకోలేకపోయాడు. డెల్ఫీనా మాత్రం బుర్ర పక్కన పెట్టింది.

"బావా, ఆ ఏడు నేనూ ఇక్కడే ఉన్నాను. అక్కకి సాయం వచ్చాను. కలిపిన బస్తాలన్నీ ఎర్రటి ఎండలో పడేసి నువ్వు బోచాస్ బంతులాటకి పోయావు. ఆ ప్రాణులకి ఎండ పడదని ప్యాకెట్టు మీద రాసే ఉంది. మొత్తం మాడిపోయాయి. మీ చేను కోడిపిల్లలా పసుపు రంగులోకి తిరిగితే, రోడ్డున పోయేవాళ్ళు బండ్లు ఆపి మరీ చూశారు."

డెల్ఫీనా గాలిమర వైపు చెయ్యి చూపించింది.

"గాలిమర పక్క ముక్క ఒక్కటే పచ్చగా నిలబడింది. అది అక్క వంటింటి నీడలో, బట్టలుతికే తొట్టిలో వేరుగా కలిపిన గింజ."

రెమీహియో తన చేతులకేసి చూసుకున్నాడు. కోపం రాలేదు. ఎల్విరా గుర్తొచ్చింది, అంతే.

"ఆ ముక్క కాక ఇంకే ముక్కయినా అడిగానా డెల్ఫీనా?" అన్నాడు చిన్నగా.

అదేల్మో లేచి వాకిట్లోకి పోయి, ఆకాశం చూసి, తిరిగొచ్చాడు.

"సరే పెదనాన్నా, ఆ ముక్క నీదే. నల్లపొడి నేను తెస్తాను. కానీ కలిపేది అమ్మ. నువ్వు టార్పాలిన్ ఎత్తి పట్టుకుని గింజ మీద ఎండ పడకుండా నిలబడు. చాలా?"

పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు, వెన్ను నిటారు చేశాడు. చూస్తుండగానే మనిషి మళ్ళీ మామూలైపోయాడు.

"నేను నీడ పట్టానంటే ఎలా ఉంటుందో తెలుసా బౌదిలియో? చీకటి పడిందనుకుని ఊళ్ళో కోళ్ళన్నీ గూళ్ళకెక్కేస్తాయి! చర్చిలో దీపాలు వెలిగించేస్తారు! పొరుగూరి వాళ్ళు రాత్రి భోజనాలు కానిచ్చి పడుకుంటారు!"

డెల్ఫీనా బుర్ర నింపి అతని చేతికిచ్చింది.

"అంత నీడ ఆ ఏడు ఎక్కడ దాచావు బావా?"