నేర్పిన జవాబులు

హలో… ఆ, నేనే మేడం, నిరోషను. చెప్పుండ్రి.

కామారెడ్డిలనే ఉన్నం. విద్యాశాఖ ఆఫీసు వరండల కూసున్నం, నేను, వర్షిణి. అన్నం తింటున్నం.

— ఆ… అయిపోయింది. పొద్దుగాలనే పిలిచిండ్రు.

లేదు లేదు మేడం, గట్ల అనకుండ్రి. ఎల్లారెడ్డి కోర్టుల మీ కేసు పిలవక పోతే మీరు మాత్రం ఏం జేస్తరు? నేను గూడ చెప్పిన సార్‌కు, మా వకీలు ఎస్తేర్ మేడం రాలేదు అని. తల్లివి నువ్వున్నవ్ కద, చాలు అన్నడు.

— మంచిగనే అయింది.

… మంచిగనే అంటే… మంచిగనే. సార్ మా వర్షిణిని శభాష్ అన్నడు. చప్పట్లు గూడ కొట్టిండు.

అలిసిన మేడం, అంతే. మొదటి బస్సుకు వచ్చినం కద. బస్సుల నిలబడే వచ్చినం.

— ఏం అడిగిండంటే… నీ పేరేంది అన్నడు, చెప్పింది. మీ నాయిన పేరు అన్నడు, చెప్పింది. ఏ ఊరు, ఏ తరగతి, అన్ని చెప్పింది. ఒకటి, రెండు అని ఒంట్లు చదువుమన్నడు. చేతులు కట్టుకొని చదివింది. ఒక్కటి తప్పలేదు.

ఆ, మా వర్షిణే మేడం. వేరే పిల్ల ఏడికెల్లి వస్తది?

…

మేడం? నేర్పినవా అంటున్నరా?

— నేర్పిన.

ఎప్పటి నుండి అంటే… మీరు ఈ పరీక్ష తారీఖు చెప్పిన నాటి నుండి. ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేసుకుంట నేర్పిన. నేనొక ఆకు చుట్టాలె, అదొక జవాబు చెప్పాలె. మా అత్త నాగవ్వ గూడ పక్కన కూసొని అనిపిచ్చింది. ముందు పేరు, తర్వాత నాయిన పేరు, తర్వాత ఊరు. గదే వరుస. సార్లు ఎక్కడన్న గవ్వే అడుగుతరు, గట్లనే అడుగుతరు.

— లేదు, మీరు నేర్పుమనలేదు.

ఆ. "ఎట్లున్నదో గట్లనే తీసుకపో" అన్నరు. యాదికున్నది.

ఎట్లున్నదో గట్లనే ఎట్ల తీసుకపోవాలె మేడం, గంత మంది ముందటికి? కార్ఖానకు బీడీలు ఇయ్యవోయేటప్పుడు మంచియి పైకి కనపడేటట్టు కట్ట కడతం. మెత్తయి లోపలికి పెడతం. చూసెటోడు పైనయే చూస్తడు కద. చిన్నప్పటి సంది చేతులకు గదే అలవాటు. పిల్లను గూడ గట్లనే కట్టి తీసుకొచ్చిన.

— ఆ, హెడ్‌మాస్టర్ గూడ వచ్చిండు. ఆయన ఖుషీ చూడాలె మీరు. "చూసిండ్రా సార్, ఎంత హుషారు పిల్లనో! మా క్లాసుల నలుగురితోని మంచిగ చదువుకుంటది, దీనికి మళ్ల వేరే టీచర్ ఎందుకు సార్?" అన్నడు.

… ఆ సారే. బడి తెరిచిన్నాడు "దీన్ని ఇంటికాడనే ఉంచుకో తల్లీ, మా పానం తియ్యకు" అన్న సారే.

నవ్వు వస్తలేదు మేడం. ఏడుపు గూడ వస్తలేదు. అన్నం తింటున్న.

— "ప్రత్యేక టీచర్ అవసరం లేదు, మామూలు క్లాసే సరిపోతది" అని రాస్తనన్నడు ఆఫీసర్ సార్.

… సమజ్ అయింది. మీరు చెప్పకముందే సమజ్ అయింది. చప్పట్లు కొడుతుంటనే అయింది. గప్పుడు ఎట్ల చెప్పాలె? పిల్ల నవ్వుతున్నది కద, చప్పట్లకు.

— ఊఁ… ఊఁ. దీనికి నేర్పిన మహేశ్వరి టీచర్ బందైంది కద, ఇగ మళ్ల రాదు. టీచర్ రాకుంటె దీనికి ఏం రాదు. వచ్చే యాడాది "మేం ముందే చెప్పినం కద" అని ఇంటికి పంపుతరు. మనం మళ్ల అడగవోతె సార్ రాసిన కాయిదమే మనకు చూపెడతరు. … వింటున్న మేడం. చెప్పుండ్రి, వింటున్న.

ఇందాక మా ఆయన ఫోన్ చేసిండు, భీవండి నుండి. మగ్గాల చప్పుడుల ఏం వినవడది. "పాసయిందా?" అన్నడు. పాసయిందన్న. ఏం చెప్పాలె?

— దస్తఖత్ ఇంక కాలే అనుకుంట. టైపు చేస్తున్నరంట. సార్ అన్నం తిని వచ్చినంక పెడతడని అటెండర్ బాలమల్లన్న చెప్పిండు.

ఇప్పుడా? నేనా?

… ఏమని చెప్పాలె?

మీరే చెప్పుండ్రి మేడం, ఫోన్ సార్‌కు ఇస్త. మీరైతె చట్టం చెప్తరు, దబదబ మాట్లాడుతరు.

— ఆ… వకీలు మాట వకీలు మాటనే, తల్లి మాట వేరు అంటరు. ఊఁ.

దస్తఖత్ అయినంక అయితె? … అప్పీలుకు హైదరాబాద్ పోవాల్నా. ఎన్ని దినాలు పడతది? … గప్పటి దాక బడిల దీన్ని ఎవరు చూస్తరు?

… మీకు గూడ తెల్వదు. సరే.

మేడం, ఒక మాట చెప్త, తప్పనుకోకుండ్రి. దీనికి రాదు అని అందరు అంటరు. బడిల అంటరు, బస్సుల అంటరు. మా తోడికోడలైతె దాని ముఖం మీదనే అంటది. మా ఇంట్ల మేం అనం. నేను ఒక్కనాడు అనలే. మా అత్తయితె ఎవరన్న గామాట అంటె చీపురు పట్టుకుంటది. ఇయ్యాల మొదటిసారి శభాష్ విన్నది ఇది, గంత పెద్ద సార్ నోటికెల్లి. ఇంక పొద్దు గూడ తిరగలే. నేనే పోయి, దాని ముందటనే…

— హక్కు. ఆ, హక్కే మేడం. మీరు మొదటిసారి మా ఇంటికి వచ్చిన్నాడు గూడ గదే చెప్పిండ్రు. మరి గా హక్కు అడగాలంటె, నా బిడ్డకు రాదని నా నోటితోనే చెప్పాలె కద.

… లేదు, ఒక్కతె బయట ఉండది. నా కొంగు ఇడువది.

— ఆగుండ్రి మేడం. … ఆ బాలమల్లన్నా, అయిపోయింది, లేస్తం. చేతులు కడుక్కుంటం. … తిన్నదే. దాన్నే అడుగు.

…

…

మేడం, విన్నరా?

బాలమల్లన్న "ఏం కూర బిడ్డా?" అని అడిగిండు. ఇది లేచి నిలబడ్డది. చేతులు కట్టుకొని "నా పేరు వర్షిణి" అన్నది.

… ఆయన నవ్విండు. మళ్ల అడుగుతున్నడు. "మా నాయిన పేరు మార్కండేయ" అంటున్నది.

చాలు బిడ్డా. … చాలు, వర్షీ. కూసో. … వంకాయ కూర అన్నా.

వంకాయ కూర అంటె దానికి పానం మేడం. మహేశ్వరి టీచర్ వారానికి రెండు దినాలు వచ్చినప్పుడు, ఏం తిన్నవ్ అంటె చెప్తుండె. నీళ్లు కావాల్నంటె చెయ్యి ఎత్తుతుండె. గా టీచర్ నేర్పింది గది. నేను నేర్పింది గిది.

…

— బాలమల్లన్నా, సార్ వచ్చిండా? … వచ్చిండంట మేడం. హెడ్‌మాస్టర్ గూడ లోపల్నే ఉన్నడంట, చాయ తాగుతున్నడంట.

కట్ చెయ్యకుండ్రి. ఫోన్ చేతుల్నే పట్టుకుంట. మీరు మాట్లాడకుండ్రి గని, ఉండుండ్రి.

దా వర్షీ. మూతి తుడుచుకో. దా.

…

సార్. … ఒక్క మాట సార్. ఈ పిల్ల తల్లిని.

పొద్దుగాల ఇది చెప్పినయన్ని నేను నేర్పినయి సార్. వరుస తప్పిచ్చి అడుగుండ్రి, చెప్పది.

— మీరు ఆగుండ్రి హెడ్‌మాస్టర్ సార్. నేను మీకు చెప్తలేను.

… ఎవరు చెప్పమనలేదు సార్. వకీలు మేడం ఎట్లున్నదో గట్లనే తీసుకపొమ్మన్నది, నేనే వినలే.

… ఎందుకంటె… సిగ్గయి, సార్.

— ఏమేం రావంటే… దాహమైతె అడగరాదు. ఎవరన్న కొడితె ఎవరు కొట్టిండ్రో చెప్పరాదు. ఒంటికి పోవాల్నంటె చెప్పరాదు సార్, బట్టలు తడుపుకుంటది. పిల్లలు నవ్వుతరు. ఎందుకు నవ్వుతున్నరో గూడ దానికి తెల్వది, అది గూడ నవ్వుతది.

… నేర్పితె వస్తది సార్. తెలిసినోళ్లు నేర్పితె వస్తది. నేను చూసిన. టీచర్ రాకడ బందైనంక పోయింది.

శభాష్ అన్నరు కద సార్. అది గట్లనే ఉండనియ్యిండ్రి. టీచర్‌ను ఇయ్యిండ్రి.

…

…

ఆ సార్. … బయటనా? నేనొక్కదాన్నేనా? … సరే సార్.

వర్షీ, కొంగు ఇడువు. సార్ మాట్లాడుతడంట నీతోని. నేను గీడనే ఉంట, తలుపు కాడ. … ఇడువు బిడ్డా.

…

మేడం. ఉన్నరా?

సార్ కలం పక్కకు పెట్టిండు. మళ్ల మొదటికెల్లి అడుగుతడంట, తనకు తోచింది. తల్లి ముందట ఉండొద్దన్నడు. హెడ్‌మాస్టర్‌ను గూడ బయటికి పొమ్మన్నడు. ఆయన అటు మొఖం పెట్టి నిలబడ్డడు.

— తలుపు ఏసిండ్రు.

లేదు, ఏడుస్తలేదు. అద్దంల కెల్లి కొంచెం కనవడుతున్నది. తలుపు దిక్కే చూస్తున్నది. సార్ ఏదో అడుగుతున్నడు… ఏం వినవడుతలేదు మేడం.

…

మేడం, మీరు చదువుకున్నోళ్లు. ఒక్కటి చెప్పుండ్రి. ఇప్పుడు నేను దేవునికి ఏమని మొక్కాలె? అది జవాబు చెప్పాల్నని మొక్కాల్నా… చెప్పవద్దని మొక్కాల్నా?

…

…

పోనియ్యిండ్రి. మీకు కోర్టు టైమైతున్నట్టుంది.

పెట్టేస్తున్న.