ఊడ్చినంత మేర

"రుఫారో వాళ్లమ్మా, తెల్లారేసరికి అందరి వాకిళ్లూ అద్దంలా ఉంటే, నీ ఒక్కదానిదే ఎందుకిలా ఉంది?"

జింబాబ్వే రాజధాని హరారేలోని ఆ పేట నెల రోజులుగా చాటున చెప్పుకుంటున్న ప్రశ్నను మొహం మీద అడిగింది పొరుగింటి ముసలమ్మ ఒక్కతే. చీపురు కూడా వెంట తెచ్చుకుంది.

"ఊడ్చాను అంబుయా," అంది ఆమె, అక్కడివాళ్లు అవ్వను పిలిచే మాటతో. "గడప నుంచి ఆ రాయి దాకా చూడండి."

"అదీ ఒక ఊడ్పేనా? కోడి అంతకంటే ఎక్కువ కెలుకుతుంది!"

"సోమవారం గడప ఒక్కటే ఊడ్చాను. అప్పట్నుంచి రోజుకు రెండడుగులు ముందుకు. క్లినిక్కుకు నేనే వెళ్లాను. దిగులు జబ్బేనట, ముదరలేదట. మాత్రలు అక్కర్లేదు, రోజూ చేయగలిగిన చిన్న పని ఒకటి పెట్టుకో, తగ్గకపోతే మళ్లీ రా అంది నర్సు."

"అయ్యో పిచ్చిదానా, ముందే చెప్పొద్దూ! తప్పుకో, మిగతాది నేను ఊడ్చేస్తా."

"వద్దు! మీరు ఊడ్చేస్తే రేపు నేను దేనికోసం లేవాలి?"

ముసలమ్మ తన చీపురును గోడకు ఆనించింది. వీధంతా బద్ధకమని తీర్పు చెప్పిన చోట, తన డెబ్బై ఏళ్లలో ఎన్నడూ ఎరుగని పట్టుదల ఆమెకు కనిపించింది.

"ఆ మామిడిచెట్టు దాకా ఎప్పటికి వస్తావు?"

"ఆదివారానికి."

"అయితే ఆదివారం చెట్టు కిందికి ఇద్దరికీ టీ తెస్తా."

"అంతదాకా రాలేకపోతే?"

"ఎక్కడిదాకా వస్తే అక్కడికే తెస్తా."

మీ వీధిలోనూ ఊడ్వని వాకిలి ఒకటి ఉంటుంది. దాని యజమానురాలికి బద్ధకస్తురాలని పేరు పెట్టడం మానండి. వెళ్లి, ఎక్కడిదాకా ఊడ్చిందో ఆమెనే అడగండి.