ఆదివారం జట్టు

ఆదివారం ఉదయం అడవి బాట మొదట్లో, మనసు బాగోలేనివాళ్ళను జట్టుగా నడిపించే నర్సు పేర్లు పిలవడం పూర్తిచేసింది. మగవాళ్ళ బూట్ల జత చేత్తో పట్టుకుని ఒక పెద్దావిడ ఆమె దగ్గరికి వచ్చింది.

“అమ్మాయ్, మా ఆయన పేరు పిలవలేదేం?”

“ఆయన ఇప్పుడు రావట్లేదు కదమ్మా.”

“ఇవాళ ఒక్కరోజేగా! బూట్లు తెచ్చిచ్చినా గోడవైపు తిరిగి పడుకున్నారు. పలకరు. మీరంతా వచ్చి పిలిస్తే లేస్తారేమోనని పరుగెత్తుకొచ్చా.”

“ఒక్కరోజు కాదమ్మా. ఆయన్ని జట్టులోంచి పంపేసి రెండు నెలలైంది.”

“అదేంటి?”

“మా ప్రశ్నల కాగితం నిండా ‘బాగున్నాను’ అనే రాశారు. బాగైనవాళ్ళు కొత్తవాళ్ళకి చోటివ్వాలి, అది ఇక్కడి పద్ధతి. చప్పట్లు కొట్టి మరీ పంపాం.”

“ఎవరేం అడిగినా ఆయన అదే అంటారు తల్లీ. అందుకేగా మీ దగ్గరికి పంపింది!”

“ఆయన్ని పంపే కాగితం మీద నేనే సంతకం పెట్టానమ్మా.”

“మరి ఈ రెండు నెలలూ ప్రతి ఆదివారం బూట్ల నిండా బురదతో వచ్చేవారే! ఎవరు ఏ పిట్టను చూపించారో, ఎవరు జారిపడ్డారో పూసగుచ్చినట్టు చెప్పేవారే!”

“మాకెక్కడా కనబడలేదమ్మా.”

“పోయిన వారం మాత్రం, ‘ఇవాళ ఎవరూ రాలేదు, ఒక్కణ్ణే నడిచా’ అన్నారు.”

“మీరేమన్నారు?”

“బట్టలు మడతపెడుతూ, ‘చలికి బద్ధకించి ఉంటార్లెండి’ అన్నా.”