మగ్గం కాలు, మోటర్ సైకిలు బ్రేకు

“అవ్వా, కొత్త బండి తోల్తాంటే పిక్క లాగుతాంది. తాతకు గూడా ఇట్లనే ఉండెనా?”

పిక్కదేముంది పాపా, మీ తాతకు మానమే పోయింది. ఇట్ల కూచో చెప్తా. ఏంది, ఫోన్లోకి ఎక్కిచ్చుకుంటాండావా? ఎక్కిచ్చుకో. ఆయప్ప పైనుంచి ఇంటే ఇననీ.

మనం మగ్గపోళ్లం గదా. మీ తాత పదేండ్లకే మగ్గం గుంతలో కూచున్న్యాడు. మగ్గం కింద రెండు పలకలుంటాయి, నువ్వు చూసింటావు. కుడిది తొక్కితే ఎడమది లేస్తాది, ఎడమది తొక్కితే కుడిది లేస్తాది. పాతికేండ్లు అదే పని. నిద్రలో గూడా కాళ్లు ఆడిచ్చేటోడు, ఒంటిమీద దుప్పటి నిలిచేది కాదు. ఆ కాళ్లు తీస్కపోయి మోటర్ సైకిలు మీద పెట్న్యాడు. కుడికాలితో బ్రేకు తొక్కుతాడా, ఎడమకాలు దానంతట అదే లేస్తాది. గేరు మారిపోతాది. నిలబడాల్సిన బండి ముందుకు దుంకుతాది. ఒగ దినం ఈదిలో ఇస్త్రీ చేసేటోని బల్ల కాడ ఆపబొయ్యి, బల్లకు అవతల ఆపినాడు. బల్ల గూడా ఆయప్పతోనే వచ్చింది.

నాకేమో ఒగటే ఆశ. రాజంపేటలో మా అక్కోళ్ల ఇంటిముందర ఆ బండి దిగాలని. వాళ్లకు అప్పటికే జీపు... కాదులే, జీపు తర్వాత, అప్పుడు స్కూటరే. నేను ఎప్పుడు పోయినా బస్సు దిగి, సంచి మోసుకుంటా, చెమట కార్చుకుంటా పోయేదాన్ని. మీ తాతేమో కాలు కుదిరిందాకా నిన్ను ఎక్కిచ్చుకోను అనె. రెండేండ్లయినా కుదర్లే. ఇస్త్రీ బల్ల అయినాంక, బండి అమ్మేస్తా అన్న్యాడు. నాకు ఏడుపొచ్చింది పాపా, నిజంగానే.

బండి స్టాండేసి కూచోమని, నేను కింద చతికిలబడి కాళ్లు చూసినా. ఆయప్పేమో పొట్టి. బ్రేకు పెడలేమో కాలు పెట్టుకునే కడ్డీకంటే నాలుగు వేళ్లంత ఎత్తున ఉండాది. కాలు మొత్తం ఎత్తితే గాని అందదు. ఒగ కాలు ఎత్తి దించితే, మగ్గపోని రెండో కాలు ఊరికే ఉంటాదా? మడమ కదలకుండా వేళ్లతోనే తొక్కేటట్టు ఉండాల. పలకలు మనిషి కాలు చూసి కడ్తాం గదా, దీన్ని గూడా దించు అన్న్యా. “ఇది కంపెనీవాళ్లు పెట్టింది మే” అన్న్యాడు. కంపెనీవాళ్లు నీ కాలు చూసినారా అని నేనే పానా తీసుకున్న్యా. పెడల్ కాడుండే బోల్టు తిప్పి పాదం ఎత్తుకు దించినా. గేరు కడ్డీ గూడా పీకి, లోపల రంపం మాదిరి పండ్లుంటాయిలే, ఒగ పండు కిందికి జరిపి బిగిచ్చినా.

ఇంగ రాజంపేటకు పోదాం పా అని, మంచి చీర కట్టుకోని ఎక్కినా. బండి కదల్దే! గుర్రుమంటాది, నాలుగడుగులు పోతాది, కాలిన వాసన. మీ తాత ఎనక్కి తిరిగి, మెల్లిగా, “నువ్వు రోంత బరువుండావు మే” అన్న్యాడు. ఈదంతా ఉండారు. సర్రున దిగి, ఇప్పుడు తోలు అన్న్యా. కదల్లే. నెట్న్యా. కదల్లే. చూస్తే ఎనక ఎర్రలైటు ఎలుగుతానే ఉండాది. పెడల్ దించితే బ్రేకు పట్టుకోని కూచునింది. ఎనక చక్రం కాడ మర వదులు చేస్తే, చక్రం గిర్రున తిరిగింది.

నేను మాత్రం ఎక్కలే. బరువుండా గదా, బస్సుకొస్తా పో అన్న్యా. ఆయప్ప దిగొచ్చి, నా చేతిలో సంచి తీసుకోని బండికి తగిలిచ్చినాడు. పోనీలే అని ఎక్కినా.

రాజంపేట దాకా ఒగసారి గూడా దుంకలే. మా అక్క వాకిట్లోకొచ్చి, “ఏం మరిదీ, బండి తోలేది వచ్చినట్టుందే” అనె. ఎవరో మెకానిక్కు పేరు చెప్తాడులే అనుకున్న్యా. ఆయప్ప స్టాండేసి, “నేనేం తోలినా వదినా, మీ చెల్లెలు తోలకొచ్చింది. నేను ముందర కూచున్న్యా, అంతే” అన్న్యాడు.

మా బావ స్కూటర్ తుడిచేది ఆపి చూస్తాండె. నేను చీర సర్దుకోని, మెల్లిగా దిగినా పాపా. శానా మెల్లిగా.

పా, నీ బండి ఈడికి తోసకరా. రోజూ ఏసుకునే చెప్పులతోనే కూచో, కాలు యాడ పెడ్తావో చూస్తా. యాడికి పోయినా సల్లగా పొయ్యి సల్లగా రావాల తల్లీ...