చల్లారని మూస

అయ్యో, అది ఉప్పుకి కాదే! ఇలా తే. మా అక్కది, మీ పెద్దమ్మమ్మది. మూస అంటారు, ఎర్రగా కాల్చినా పగలని పింగాణీ గిన్నె. నీకు గుర్తుండదులే, నువ్వు పుట్టకముందే పోయింది. గనుల వాళ్ల పరీక్షశాలలో పని. పని అంటే ఏముంది, రాయి తెస్తారు, నూరుతుంది, కరిగిస్తుంది, ఏదో మందు చుక్కలు వేస్తే అందులో కావలసిన సరుకు పాలు విరిగినట్టు తెల్లగా అడుక్కి దిగుతుంది. దాన్ని వడగట్టి, కాగితంతో సహా ఈ మూసలో కాల్చి, చల్లార్చి తూస్తే రాతిలో సరుకెంతో తేలిపోతుంది. చల్లార్చి, విన్నావా? వేడి మీద తూస్తే తక్కువ చూపిస్తుందిట, వేడిగాలి పైకెత్తేస్తుందిట. ఇంట్లో ఏం ముట్టుకున్నా "చల్లారనివ్వండే" అనేది, మేం నవ్వేవాళ్లం.

అలాంటిది ఆ వేళ, తన పిల్ల పడిపోయిందని బడి నుంచి కబురొచ్చేసరికి, వెచ్చటి మూస అలాగే త్రాసులో పెట్టేసింది. గుట్ట మీద గని ఆయన, ఆ రాయి తెచ్చినాయన, ఎదురుగా చేతులు కట్టుకుని నించున్నాడు. లెక్క తక్కువొచ్చింది. అంతే, నలుగురి ముందూ "ఏవయ్యా, రాయి చూపించి మట్టి పంపావా?" అనేసింది. ఆయన "నా రాయి నాకు తెలుసు తల్లీ" అన్నాడు. అక్కడ గుమాస్తా ఒకడుండేవాడులే, వెటకారాల పుట్ట, "వెళ్లిరా మట్టి మావయ్యా!" అన్నాడు. ఒకటే నవ్వులు.

మర్నాడు అదే మూస మళ్లీ కాల్చి, చల్లార్చి తూస్తే ఆయన మాటే నిజం. మేలైన రాయి. అక్క కాగితం అప్పటికప్పుడు దిద్దింది. ఆఁ, దిద్దింది, నిక్కచ్చి మనిషి. కాగితం దిద్దితే నోళ్లు మూతపడతాయా? ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాలిగా. రేపంది, ఎల్లుండంది. ఆయన ఎదురొస్తే ఇది పక్క సందులోకి తిరిగేది. "అనేటప్పుడు లేని సిగ్గు ఒప్పుకునేటప్పుడెందుకే?" అని అమ్మ తిట్టేది. ఏళ్లు గడిచిపోయాయి.

చివరికోనాడు నన్ను తోడు తీసుకుని వాళ్లింటికెళ్లింది. ముసలాయన వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. "కూర్చో తల్లీ" అన్నాడు, ఏమీ జరగనట్టే. అక్క గొంతు సవరించుకుంది. ఇంతలో లోపల్నుంచి ఆయన మనవరాలు, ఇంతుంటుంది, ఎంత ముద్దుగా పిలిచిందనీ, "మట్టి తాతా, ఎవరొచ్చారు?" అని. ఆయన "పరీక్షశాల అమ్మగారమ్మా, మంచినీళ్లు తే" అన్నాడు, పుట్టినప్పుడు పెట్టిన పేరు అదే అన్నట్టు.

అక్క నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టింది. వచ్చేశాం. దారంతా అది...

సరేలే. ఆ మూస అక్కడ పెట్టు. ఉప్పు డబ్బా పై అరలో ఉంది, చూడు.