తాడుకు వేలాడిన రాకుమారుడు

బాత్రూంలో జారిపడ్డారని చెప్పమన్నారు మావారు, డాక్టరమ్మా. దారి పొడుగునా అదే పాఠం. ‘సబ్బు నీళ్ళు, కాలు జారింది, అంతే. ఇంకో మాట మాట్లాడకు’ అని. మరి మీరే చూడండి, బాత్రూంలో జారిపడ్డ మనిషి నడుముకి జరీ పట్టీ ఎందుకుంటుంది? చెంపల మీద ఆ ఎర్ర రంగేమిటి? సగం ఊడిన మీసాన్ని ఇందాక మీరే కదా పీకి పక్కన పెట్టారు.

అందుకని ఉన్నదున్నట్టు చెప్తాను. ఎక్స్‌రే వచ్చేదాకా ఎలాగూ ఆగాలన్నారు. ఆయన లోపల ఉన్నారు, వినపడదులెండి.

మావారు లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎత్తయిన మేడ ఎక్కడ కట్టినా ఈయన వెళ్ళి తాళ్ళు చూసి, బ్రేకులు చూసి, సరేనన్నాకే లిఫ్టు కదిలేది. ఇంట్లోనూ అదే వరస. అటక మీది డబ్బా తీద్దామని నేను స్టూలెక్కితే ‘దిగు, ముందు దిగు’ అనేవారు. దిగితే స్టూలుని అటూ ఇటూ కదిపి చూసి, అప్పుడు ఎక్కనిచ్చేవారు. ఈలోపు నాకేం కావాలో నేనే మర్చిపోయేదాన్ని. అలాంటి మనిషమ్మా. అది గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

రిటైరయ్యాక కొన్నాళ్ళు మా అపార్ట్‌మెంటు లిఫ్టులోనే పైకీ కిందికీ తిరిగారు. గోడకి చెవి ఆనించి, ‘ఏదో చప్పుడొస్తోంది, వింటున్నారా’ అని ఎక్కినవాళ్ళనల్లా అడిగేవారు. చివరికి అసోసియేషన్ వాళ్ళొచ్చారు. ‘అంకుల్, లిఫ్టు బానే ఉంది. మీరుంటే ఎక్కడానికే భయపడుతున్నారు’ అని మర్యాదగానే చెప్పి వెళ్ళారు.

ఇక ఆ రోజు నుంచి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు. పెడితే తినడం, పెట్టకపోతే అడగకపోవడం. నేను కుట్టుమిషను దగ్గర, ఆయన కిటికీ దగ్గర. బట్టలు సరిచేసే పని నాది. బిగుతైనవి వదులు చేస్తాను, పొడుగైనవి పొట్టి చేస్తాను. మనిషి ముడుచుకుపోతే ఎక్కడ విప్పి ఎక్కడ కుట్టాలో నాకేం తెలుసు?

సరిగ్గా అప్పుడు దిగాడు పళ్ళ డాక్టరు. మా పై అంతస్తే. ఆయనా ఆసుపత్రి కొడుక్కి అప్పజెప్పేసి ఖాళీగా ఉన్నాడు. వస్తూ వస్తూ పాత కత్తియుద్ధం సినిమాలన్నీ ఒక డబ్బాలో వేసుకొచ్చాడు. చిన్నప్పుడు నేల మీద కూర్చుని చూసినవట. కూసే గాడిద వచ్చి మేసే గాడిదని చెడగొట్టిందంటారు. ఇక్కడ మేసే గాడిద అప్పటికే మేత మానేసింది కాబట్టి నేనూ ఊరుకున్నాను.

మీరు చిన్నవాళ్ళు, ఆ సినిమాలు చూసి ఉండరు. ఒక రాకుమారుడుంటాడు. వాడికి పని ఉండదు, గుర్రముంటుంది. ఒక మాంత్రికుడుంటాడు. హీరోని గొలుసులతో కట్టేశాక చంపొచ్చు కదా? చంపడు. నవ్వుతాడు. వాడు నవ్వి నవ్వి అలిసేలోపు ఏ చిలకో ఎలుకో వచ్చి గొలుసు విప్పేస్తుంది. కోట గోడకి హీరో ఒరిగితే గోడ ఊగుతుంది. మొసలి కడుపు మీద కుట్లు కనిపిస్తాయి. కుట్టుపని చేసేదాన్ని కదా, నా కళ్ళు ముందు వాటి మీదికే పోతాయి. టాకాలు వేసి వదిలేశారమ్మా, తిరగేసి కుట్టే ఓపిక కూడా లేదు.

ఇక రాకుమారి. మొదట పూలు కోస్తుంది. తర్వాత ఎత్తుకుపోతారు. ఆ తర్వాత సినిమా అయిపోయేదాకా ఏ గుహలోనో కూర్చుని ఉంటుంది. ‘ఇన్ని రోజులు తిండెవరు పెట్టారు దీనికి?’ అని ఒకసారి అడిగాను. మావారు నా వంక జాలిగా చూశారు. ‘నీకు ఊహాశక్తి తక్కువ’ అన్నారు. వంట గురించి అడిగే ఆడదానికి ఊహాశక్తి తక్కువ. అడక్కుండా తినేవాళ్ళకి ఎక్కువ.

నవ్వుతున్నారా? నవ్వండి, పర్లేదు.

ఆదివారం సాయంత్రాలు కింద పార్కింగు పక్కనున్న హాల్లో తెల్ల దుప్పటి కట్టి మొదలెట్టారు. తలనెరిసిన మగాళ్ళందరూ చేరిపోయారు. మోకాలు నొప్పని మెట్లెక్కనివాళ్ళు కూడా ఆ హాలుకి మాత్రం పరుగెత్తుకొచ్చేవారు. సినిమా అయ్యాక ‘ఆ రోజుల్లో విలువలుండేవండీ’ అని ఒకరు మొదలెడితే మిగతావాళ్ళు తలలూపడం. విలువలేమిటో నేను చూశాను కదా. వెళ్ళేటప్పుడు రాకుమారికి మాటిస్తాడు. దారిలో నాగకన్యకి ఒక మాట, దేవకన్యకి ఒక మాట. చివరికి ముగ్గుర్నీ తెచ్చి అమ్మ కాళ్ళ దగ్గర నిలబెడితే, ఆవిడ ‘చల్లగా ఉండండి’ అని దీవిస్తుంది. ఇప్పుడు మన ఇంట్లో కుర్రాడెవడైనా ఆ పని చేస్తే చల్లగా ఉంచుతామా?

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. మనిషి మారారు. పొద్దున్నే గడ్డం గీసుకోవడం, ఈలపాట. ఒకరోజు నా చేతిలోంచి గుడ్డ కొలిచే గజం బద్ద లాక్కుని గాల్లో తిప్పారు. ‘ఏమోయ్, కాచుకో’ అన్నారు. ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని. కసిరాననుకోండి, బద్ద విరుగుతుందని.

అదే రోజుల్లో ఒక మధ్యాహ్నం మిషను బెల్టు తెగింది. పనాగిపోయింది. ఆయన సగం చూసి వదిలేసిన సినిమా ఒకటి టీవీలో ఆగి ఉంటే నొక్కాను, ఎంత చెత్తగా ఉందో చూద్దామని. అందులో ఒక మహారాణి. శాపం తగిలి కళ్ళు పోతాయి. కొడుకు ఏళ్ళ తరబడి ఎక్కడెక్కడో తిరిగి వస్తాడు. వచ్చి గుమ్మంలో నిలబడి మాట్లాడడు. ఆవిడే అడుగు శబ్దం విని లేచి, తడుముకుంటూ వెళ్ళి, వాడి మొహం పట్టుకుని ‘వచ్చావా నాయనా’ అంటుంది. ఆ గోడ ఊగుతూనే ఉంది డాక్టరమ్మా. ఆవిడ తెల్లజుట్టు కింద నల్లజుట్టు కనిపిస్తూనే ఉంది. అయినా నాకు ఏడుపొచ్చింది.

ఎందుకంటే ఏం చెప్పను? ఆ సినిమాల్లో రాయైపోయిన వాళ్ళు కూడా మళ్ళీ మనుషులవుతారు. నీళ్ళు చల్లితే లేచి కూర్చుని, ‘నేనెక్కడున్నాను’ అంటారు. పోయిన కళ్ళు వస్తాయి. ఎవరికి జరిగిందీ శాశ్వతం కాదు. ఆ కుర్చీలో ఆయన కూర్చున్న నెలలన్నీ నాకు అప్పుడు గుర్తొచ్చాయి. నేను మాత్రం ఎన్ని నీళ్ళు చల్లలేదు? సర్లెండి. కళ్ళు తుడుచుకుని చూస్తే ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. నా పరువు నిలిపారనుకున్నాను.

నిలపలేదు. దాచుకున్నారు.

ఆ ఆదివారం సినిమాల క్లబ్బు పెట్టి ఏడాదైందని వేడుక చేయాలనుకున్నారు. కేకు కోసి ఊరుకోవచ్చు కదా? కత్తియుద్ధం సీను నిజంగా ఆడి చూపిస్తామన్నారు. పళ్ళ డాక్టరు మాంత్రికుడు. వృత్తికి తగ్గ వేషమే, నోరు తెరవమని భయపెట్టడం ఆయనకి అలవాటే. రాకుమారుడు మావారు. మరి రాకుమారి? రెండో అంతస్తులో పాటల టీచరుంది. భర్త పోయాడు. మంచి గొంతు. మావారే వెళ్ళి అడిగొచ్చారు, షేవ్ చేసుకుని మరీ.

ఆవిడ బట్టలు కూడా నేనే కుట్టాను. నడుము కొలత తీస్తుంటే ఊపిరి బిగబట్టింది. బిగబట్టిన కొలతకే కుట్టాను, మాట్లాడకుండా. అడిగినదే కదా ఇచ్చాను.

‘మరి నాకేం లేదా?’ అన్నాను ఆయనతో. ఊరికే అన్నానమ్మా, వేళాకోళానికి. ఆయన మొహం వెలిగిపోయింది. ‘నీకు ఎప్పుడో రాసిపెట్టాను. కళ్ళు లేని మహారాణి. నా తల్లి.’

పాటల టీచరుకీ నాకూ తేడా మహా అయితే నాలుగేళ్ళు. ఆవిడ ప్రియురాలు, నేను తల్లి.

‘ఏమిటలా చూస్తావు? ఆ సీను చూసి ఏడ్చావు కదా, నువ్వైతేనే నిండుగా ఉంటుంది’ అన్నారు. ఆయన ఎగతాళి చేయడం లేదమ్మా, అదే నా బాధ. నిజంగానే నాకేదో కానుకిస్తున్నాననుకున్నారు. ఎగతాళి చేస్తే రెండు తిట్టి వదిలేసేదాన్ని. కానుకైతే తీసుకోవాలి కదా.

తీసుకున్నాను. పడకగది కర్టెను విప్పి ఆయనకి రాజు అంగీ కుట్టాను. కర్టెన్ లేక ఇప్పుడు ఎండంతా మా మంచం మీదే. మైదా ముద్దతో మీసం అతికించాను. నాకున్నది ఒకటే మాట, అదే ‘వచ్చావా నాయనా’. దాన్ని వారం రోజులు నాచేత చెప్పించారు. ‘ఇంకా ఆర్తి కావాలి, నువ్వు పాలవాడిని పలకరించినట్టు అంటున్నావు’ అనేవారు. మొగుణ్ణి ఆర్తిగా ‘నాయనా’ అనడం ఎలాగో మీరైనా చెప్పండి.

ఈ సాయంత్రం వేడుక. హాలు నిండిపోయింది. మెట్ల మలుపు దగ్గర నుంచి తాడు పట్టుకుని ఊగుతూ వచ్చి, మాంత్రికుడి ముందు దూకి, రాకుమారిని విడిపించాలి. తాడు ఆయనే తెచ్చారు. పైకప్పుకి కొక్కెం ఆయనే బిగించారు. బియ్యం బస్తాలు వేలాడదీసి మరీ చూశారు. ‘ఏనుగునైనా మోస్తుంది’ అన్నారు. అబద్ధం కాదు. తాడు తెగలేదు, కొక్కెం ఊడలేదు. అన్నీ తనిఖీ చేశారు, తన చేతుల్ని తప్ప.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, ‘దుర్మార్గుడా, ఆగు’ అంటూ దూకారు. సగం దూరం బాగానే వచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ మహారాణి వేషానికి కళ్ళకి కట్టుకున్న గంతల సందులోంచి చూస్తున్నాను. ఎర్ర అంగీ గాల్లో రెపరెపలాడుతుంటే, ఎందుకు అబద్ధం చెప్పాలి, బాగున్నారు. ఒక్క క్షణం పెళ్ళినాటి మనిషిలా ఉన్నారు.

కానీ ఊపు చాల్లేదు. మాంత్రికుడి దాకా రాకుండానే వెనక్కి వెళ్ళారు. మళ్ళీ ముందుకి. మళ్ళీ వెనక్కి. ప్రతిసారీ కొంచెం తక్కువ. చివరికి హాలు మధ్యలో నిటారుగా ఆగిపోయారు, ఆరేసిన బట్టలాగా. కాళ్ళ కింద నేల మహా అయితే ఒక గజం లోతు. వదిలితే దూకెయ్యొచ్చు. వదల్లేరు, భయం. తాడెక్కి పైకీ పోలేరు. పళ్ళ డాక్టరుకి ఏం చేయాలో తోచక నవ్వుతూనే ఉన్నాడు, మాంత్రికుడి నవ్వు. పాటల టీచరు బిగుతు జాకెట్టులో గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేక నిలబడిపోయింది.

పెద్దమనిషి పాపం, ఏమనుకుంటారోనని అందరూ నేల చూపులు చూస్తున్నారు. మెల్లగా ఎవరో ఒకరు లేచి బల్ల జరిపితే అయిపోయేది. గౌరవంగా దిగేవారు.

అప్పుడాయన ‘అమ్మా’ అన్నారు. నటన కాదు. చేతులు జారుతుంటే ఎవరైనా అనే అమ్మా.

వారం రోజుల అలవాటు డాక్టరమ్మా. నా నోరు నా మాట వినలేదు. లేచి నిలబడి, ఆయన కోరినంత ఆర్తిగా, ‘వచ్చావా నాయనా’ అన్నాను.

ఆ వెంటనే నవ్వు వినిపించింది. ఒకే ఒక్క నవ్వు, ఆడగొంతు. దాంతో కట్ట తెగిపోయింది. ముందు వరస, వెనక వరస, తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్, అందరూ. కుర్చీల మీద దొర్లి మరీ నవ్వారు. ఆయన పైనుంచి ఆ మొహాలన్నీ చూశారు. చూసి చేతులు వదిలేశారు. జారలేదమ్మా, వదిలేశారు. పాదం మడతపడ్డ చప్పుడు నాకు వినిపించింది.

ఏమన్నారు, ఆపరేషనా? స్క్రూలు వేయాలా? వేయండి. ఎన్నాళ్ళు కుర్చీలో ఉండాలంటారు? ఊఁ. అయితే మళ్ళీ ఆ కిటికీయే.

ఒక మాట చెప్పి లేస్తాను, ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. ఆటోలో ఇంత నొప్పిలోనూ ఆయన అడిగింది ఒకటే. ‘ముందు నవ్విందెవరు?’ అని. చిన్న పిల్లాడిలా అడిగారు. నేను బయటికి చూస్తూ, పాటల టీచరు అన్నాను.

నమ్మేశారు. ‘ఇక ఆవిడ మొహం చూడను’ అన్నారు. పాపం ఆవిడకి ఆ జాకెట్టులో నవ్వే వీలే లేదు, నేనే కుట్టాను కదా.

నవ్వింది నేనే. ఎంత హాయిగా నవ్వానో మీకు చెప్పలేను. రేపు ఆ కుర్చీ పక్కన కూర్చుని ఆయనకి అన్నం కలిపి పెట్టేదీ నేనే. ఇలా ఇవ్వండి, ఎక్కడ సంతకం పెట్టాలి?